కొత్త గుమాస్తాకి పాత లెక్కల అప్పగింత



ఇల్లు మారేటప్పుడు మనం ఏం చేస్తాం? సామాను బండికి ఎక్కించేముందు ఏ పెట్టెలో ఏముందో కాగితం మీద రాసుకుంటాం. పాలవాడి బాకీ, కిరాణా కొట్టు బాకీ తీర్చేస్తాం. కొత్త ఇంట్లో దిగాక పెట్టెలు లెక్కపెట్టుకుంటాం. ఒక్కటి తగ్గినా ఆ పూట అన్నం సహించదు. కాని వ్యాపారపు లెక్కలు ఒక సాఫ్ట్‌వేరులోంచి ఇంకో సాఫ్ట్‌వేరులోకి మార్చేటప్పుడు మాత్రం, "ఆ అబ్బాయి వచ్చి చేసి పెడతాడులే" అని ఊరుకుంటాం. ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం.

"ఇంట్లో ఉండేవాళ్ళకి ఇదంతా ఎందుకండీ?" అనకండి. ఊరగాయలు, పొడులు పట్టి అమ్మేవారు, ఇంట్లోనే చీరల కొట్టు నడిపేవారు, బ్లౌజులు కుట్టించి ఇచ్చేవారు, పెళ్ళిళ్ళకి పిండివంటలు సరఫరా చేసేవారు మన వీధుల్లో ఎంతమంది లేరు? కొట్టు భర్త పేరున ఉన్నా, సాయంత్రం కూర్చుని బిల్లులు ఎక్కించే పని చాలా ఇళ్ళలో ఇల్లాలిదే. పని మనది అయినప్పుడు దాని మంచిచెడ్డలు కూడా మనకి తెలిసి ఉండాలి కదా!

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. సాఫ్ట్‌వేరు అంటే గుమాస్తా. జీతానికి బదులు చందా పుచ్చుకుంటాడు, అంతే తేడా. గుమాస్తాని మార్చుకోవచ్చు, తప్పులేదు. లెక్క మాత్రం మనది. పాతకాలపు షావుకార్లు గుమాస్తా మారేటప్పుడు పాతవాణ్ణి, కొత్తవాణ్ణి ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు. పెట్టెలో నగదు ఎంత, గదిలో సరుకు ఎంత, ఎవరి దగ్గర ఎంత రావాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి అని ఒక్కొక్క పద్దూ చదివించి ఒప్పజెప్పించేవారు. ఆ అప్పగింత సరిగ్గా జరిగితే ఏ సాఫ్ట్‌వేరైనా పనిచేస్తుంది. అది జరక్కపోతే ఎంత ఖరీదైనది కొన్నా ప్రయోజనం లేదు.

మార్చవలసిన అవసరం ఎప్పుడు వస్తుంది?

2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు చాలామంది మార్చుకోక తప్పలేదు. పుస్తకంలో రాసుకునేవారు కూడా కంప్యూటరు దగ్గరికి వచ్చారు. మళ్ళీ 2025 సెప్టెంబరు 22న పన్ను రేట్లు మారాయి. 12 శాతం ఉన్న వస్తువుల్లో చాలావాటికి 5 శాతం అయింది; మన పచ్చళ్ళూ వాటిలో ఉన్నాయి. ఆ తేదీకి ముందు అమ్మిన సరుకు తర్వాత తిరిగి వస్తే, పాత బిల్లులోని రేటు ప్రకారమే పన్ను తగ్గించి రాయాలి. ఏ తేదీకి ఏ రేటో గుర్తుపెట్టుకోలేని సాఫ్ట్‌వేరు అలాంటి చోట చేతులెత్తేస్తుంది. అది మార్చడానికి న్యాయమైన కారణం.

వ్యాపారం పెరగడం ఇంకో కారణం. ఒకప్పుడు రోజుకి పది బిల్లులు, ఇప్పుడు అరవై. ఒకప్పుడు మీరొక్కరే, ఇప్పుడు కోడలు ఇంట్లోనుంచి, మీరు కొట్టులోనుంచి ఎక్కించాలి. పాత సాఫ్ట్‌వేరుని తయారుచేసినవాళ్ళే వదిలేసి, కొత్త మార్పులు ఇవ్వడం మానేస్తే అదీ కారణమే.

ఇక న్యాయంకాని కారణాలు కూడా ఉన్నాయి. "పక్కింటివాళ్ళు అది వాడుతున్నారట." "ఈ నెలాఖరులోగా కొంటే సగం ధరకి ఇస్తారట." పక్కింటివాళ్ళది హార్డువేరు కొట్టు, మనది పొడుల వ్యాపారం. వాళ్ళ చెప్పులు మన కాలికి పడతాయా?

లోపల ఉన్నది పాత చిట్టా ఆవర్జాలే

కంప్యూటరు పేరు చెబితే బెదిరేవాళ్ళకి ధైర్యం చెప్పే సంగతి ఒకటుంది. మన తాతల కాలంలో రోజువారీ జమాఖర్చు రాసే పుస్తకాన్ని చిట్టా అనేవారు. అందులోంచి ఒక్కొక్కరి పేరున విడదీసి రాసుకునే పుస్తకం ఆవర్జా. రెండు వైపులా సరిపోయాయో లేదో చూసుకునే పట్టిక అంకణా. వచ్చిందాన్నీ పోయిందాన్నీ రెండు చోట్ల రాసే ఈ జంటపద్దు పద్ధతిని ఇటలీ దేశంలో లూకా పాచోలీ అనే సన్యాసి 1494లో అచ్చువేసిన గణిత గ్రంథంలో వివరించాడు. అయిదు వందల ఏళ్ళు దాటినా పద్ధతి మారలేదు. మన సాఫ్ట్‌వేరులో 'డే బుక్' అంటే చిట్టా, 'లెడ్జర్' అంటే ఆవర్జా, 'ట్రయల్ బ్యాలెన్సు' అంటే అంకణా.

మన దేశంలో బాగా వాడుకలో ఉన్న ట్యాలీ పుట్టుక కూడా ఇంటి అవసరంలోంచే. బెంగుళూరులో శ్యామ్ సుందర్ గోయెంకాగారి వ్యాపారానికి నచ్చిన లెక్కల ప్రోగ్రాము దొరకకపోతే, ఆయన కుమారుడు భరత్ గోయెంకా స్వయంగా రాశారు. తండ్రీకొడుకులు 1986లో సంస్థ మొదలుపెట్టారు. 2020లో భరత్ గోయెంకాగారికి పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదే పాత 'ట్యాలీ ఈఆర్‌పీ 9' స్థానంలో 'ట్యాలీ ప్రైమ్' వచ్చింది.

ఏ రకం ఎవరికి?

బజారులో దొరికేవాటిని మూడు రకాలుగా చూడవచ్చు. మొదటిది మన కంప్యూటరులోనే ఉండేది. ట్యాలీ, బిజీ, మార్గ్ లాంటివి అలా మొదలైనవే. నెట్ లేకపోయినా బిల్లు ఆగదు. కాని కంప్యూటరు పాడైతే లెక్కలూ దానితోపాటే పోతాయి కనుక రోజూ నకలు తీసి పెట్టుకునే బాధ్యత మనది.

రెండోది నెట్‌లో ఉండేది. జోహో బుక్స్ లాంటివి ఈ కోవలోవి. ఇంటినుంచీ కొట్టునుంచీ ఒకే లెక్క చూసుకోవచ్చు. నకళ్ళు వాళ్ళే తీస్తారు. నెలకో ఏడాదికో చందా కట్టాలి. మన లెక్కలు వాళ్ళ దగ్గర ఉంటాయి, ఈ మాట మాత్రం మరిచిపోకూడదు.

మూడోది సెల్‌ఫోనులో వాడుకునేది. వ్యాపార్, ఖాతాబుక్ లాంటివి. ఎవరు ఎంత బాకీ ఉన్నారు, ఈ రోజు అమ్మకం ఎంత అన్నది చూసుకోవడానికి, చిన్న బిల్లు చేసి వాట్సాప్‌లో పంపడానికి సుఖంగా ఉంటాయి. నెలకి పాతిక ముప్ఫయి బిల్లులు చేసుకునేవారికి ఇవి చాలు.

మీ సరుకుని బట్టి కూడా చూసుకోండి. తినే పదార్థాల ప్యాకెట్ల మీద బ్యాచి నంబరు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలన్నదీ వెయ్యాలి కదా. ఏ బ్యాచి ఎంత మిగిలింది, దేనికి ముందు గడువు తీరుతుంది అన్నది సాఫ్ట్‌వేరు చెబితే, పాత కారప్పొడి అడుగున ఉండిపోదు. చీరలవారికి ఒక్కొక్క చీర ధర వేరు. కనుక బార్‌కోడు చీటీలు అచ్చువేసే వీలుండాలి. పిండివంటల ఆర్డర్లు తీసుకునేవారికి అడ్వాన్సు ఎంత పుచ్చుకున్నాం, ఇంకా ఎంత రావాలి అన్నది ఆర్డరు పక్కనే కనబడాలి.

కాంపొజిషన్ పథకంలో ఉన్నవారు ఇంకో సంగతి చూసుకోవాలి. ఆ పథకంలో ఉన్నవారు కొనేవారి దగ్గర పన్ను వసూలు చెయ్యకూడదు, మామూలు పన్ను బిల్లుకి బదులు 'బిల్ ఆఫ్ సప్లై' ఇవ్వాలి. కొన్న రోజునే ఆ ఏర్పాటు చేయించుకోకపోతే, సాఫ్ట్‌వేరు తనంతట తాను పన్ను వేసి బిల్లు ఇచ్చేస్తుంది.

కొనేముందు అడగవలసిన ప్రశ్నలు

పెళ్ళిచూపులకి వెళ్ళి అమ్మాయి రంగు చూసి వచ్చేసినట్టు, తెర మీద రంగులు చూసి సాఫ్ట్‌వేరు కొనకూడదు. ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని అడగండి.

నా లెక్కలన్నీ, అంటే ఖాతాలు, బిల్లులు, సరుకు, నాకు కావలసినప్పుడు ఎక్సెల్‌లో బయటికి తీసుకోవచ్చా? చందా కట్టడం మానేస్తే పాత లెక్కలు చూసుకోవచ్చా, తాళం పడిపోతుందా? నెట్ లేనప్పుడు బిల్లు చెయ్యవచ్చా? ఎంతమంది ఒకేసారి వాడవచ్చు? ఒక్కొక్కరికి వేరే డబ్బు కట్టాలా? రెండో ఏడు చందా ఎంత? ఇబ్బంది వచ్చి ఫోను చేస్తే ఎవరు ఎత్తుతారు, తెలుగులో చెబుతారా? రాసిన పద్దు ఎవరైనా దిద్దితే, ఎవరు ఎప్పుడు దిద్దారో కనబడుతుందా?

ఈ చివరి ప్రశ్న ఇంట్లోవాళ్ళ మీద అనుమానంతో అడిగేది కాదు. కంపెనీలుగా నమోదైన సంస్థలు దిద్దుబాట్లన్నీ చెరపడానికి వీల్లేకుండా నమోదు చేసే సాఫ్ట్‌వేరే వాడాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. సొంత పేరున నడిపే చిన్న వ్యాపారాలకి ఆ నిబంధన లేదు. అయినా ఆ సదుపాయం ఉంటే, "నేను దిద్దలేదు" "నేనూ దిద్దలేదు" అన్న వాదన ఇంట్లో పుట్టదు.

మొదటి ప్రశ్న ఎందుకు అంత ముఖ్యమో చెబుతాను. నాకు తెలిసిన ఒక అక్కగారు పదేళ్ళుగా పొడులు, పచ్చళ్ళు చేసి కొట్లకి వేస్తున్నారు. లెక్కలు రాయడానికి సాయంత్రాలు ఒకతను వచ్చేవాడు. సాఫ్ట్‌వేరు అతని లాప్‌టాపులో, పాస్‌వర్డు అతని బుర్రలో. ఈవిడ చేతిలో ఉన్నవి నెలనెలా ఇచ్చే కాగితాలు మాత్రమే. ఒకనాడు అతనికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాడు. లాప్‌టాపు అంతకుముందే పాడయిందన్నాడు. కొట్లవాళ్ళ దగ్గర రావలసిన బాకీల పట్టిక లేదు. చివరికి ఆవిడ ఒక్కొక్క కొట్టుకీ వెళ్ళి, "బాబూ, మీరు నాకెంత ఇవ్వాలి?" అని అడగవలసి వచ్చింది. మనకి రావలసిన డబ్బు ఎంతో బాకీ ఉన్నవాణ్ణే అడగడం కన్నా చిన్నతనం ఇంకేముంటుంది? ధర్మాత్ములు చూసి చెప్పారు. కొందరు "ఏమీ లేదే పిన్నిగారూ, అంతా ఇచ్చేశాంగా" అన్నారు. కాదనడానికి ఆవిడ దగ్గర కాగితం లేదు.

అందుచేత లైసెన్సు మీ పేరున, మీ ఈమెయిలుతో, మీ ఫోను నంబరుతో తీసుకోండి. రాసేవారికి వేరే పేరు, వేరే పాస్‌వర్డు ఇవ్వండి. యజమాని తాళంచెవి యజమాని దగ్గరే ఉండాలి.

ఉచితంగా వాడి చూడమని కొన్నాళ్ళు గడువిస్తారు చాలామంది. ఆ రోజుల్లో వాళ్ళు చూపించే బొమ్మ లెక్కలు చూసి సంతోషపడకండి. పోయిన వారం మీరు చేసిన అసలు బిల్లులు ఎక్కించండి. ఒక సరుకు వాపసు, ఒక అడ్వాన్సు, సగం నగదు సగం యూపీఐ ఇచ్చిన బిల్లు ఒకటి ఎక్కించి చూడండి. చిక్కుముడి బిల్లులు విప్పగలిగితే మామూలువి తేలిక.

ముహూర్తం ఏప్రిల్ ఒకటి

పంచాంగంలో ఎన్ని మంచిరోజులున్నా, సాఫ్ట్‌వేరు మార్చడానికి ఏప్రిల్ 1ని మించిన ముహూర్తం లేదు. మన ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఏడాది లెక్క పాతదాంట్లో పూర్తిగా ముగించి, మిగిలిన నిల్వలు మాత్రమే కొత్తదాంట్లో ఎక్కిస్తే సరిపోతుంది. ఆగడానికి వీల్లేకపోతే జులై 1, అక్టోబరు 1, జనవరి 1 చూసుకోండి. మూడు నెలలకోసారి జీఎస్టీ రిటర్ను వేసేవారికి సగంలో తెగకుండా ఉంటుంది.

బిల్లు నంబర్ల విషయం జాగ్రత్త. జీఎస్టీ బిల్లు నంబరు అక్షరాలూ అంకెలూ కలిపి 16కి మించకూడదు. ఒకే ఆర్థిక సంవత్సరంలో ఒకే నంబరు రెండు బిల్లులకి రాకూడదు. ఏడాది మధ్యలో మార్చేవారు కొత్త సాఫ్ట్‌వేరులో మళ్ళీ ఒకటినుంచి మొదలుపెడితే పాత ఒకటితో ఢీకొంటుంది. పాతది 412 దగ్గర ఆగితే కొత్తది 413తో మొదలుపెట్టండి, లేదా నంబరు ముందు వేరే అక్షరం పెట్టుకోండి.

మార్చేముందు దులపాలి

సంక్రాంతి ముందు అటక దులిపినట్టు, మార్చేముందు పాత లెక్కలు దులపాలి. ఒకే కొట్టు పేరు మూడు రకాలుగా ఉంటుంది. 'శ్రీనివాస కిరాణా', 'శ్రీనివాసా జనరల్', 'శీను షాపు'. మూడూ ఒకరే అయితే ఒకటిగా కలపండి. ఏళ్ళ తరబడి కదలని పేర్లు వేరే రాసి పెట్టుకోండి.

పేర్ల పక్కన జీఎస్టీ నంబర్లు కూడా సరిచూడండి. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి. తెలంగాణాకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. హైదరాబాదులో ఉన్నవారు విజయవాడ కొట్టుకి సరుకు వేస్తే అది వేరే రాష్ట్రపు అమ్మకం, ఐజీఎస్టీ పడాలి. అదే వరంగల్లు కొట్టుకైతే పన్ను సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు సగాలు అవుతుంది. మొత్తం పన్ను ఒకటే అయినా, రాష్ట్రం తప్పు ఎక్కితే పన్ను తప్పు పద్దు కిందికి పోతుంది, ఆ తర్వాత దిద్దుకోవడం ఒక తలనొప్పి.

ఆ తర్వాత సరుకు స్వయంగా లెక్కపెట్టండి. పాత సాఫ్ట్‌వేరు ఇరవై కిలోల కందిపొడి ఉందంటుంది. డబ్బా తీసి చూస్తే పదిహేడే ఉంటుంది. కొత్త పుస్తకంలో డబ్బాలో ఉన్నదే రాయాలి. తేడా మూడు కిలోలు ఏమయ్యాయన్నది పాత పుస్తకంలోనే తేల్చండి.

పాత పద్దులన్నీ, పదేళ్ళవీ, మొత్తంగా కొత్తదాంట్లో పోస్తామని కొందరు చెబుతారు. చిన్న వ్యాపారానికి అది అక్కర్లేదు. పాత పద్దులతోపాటు పాత తప్పులూ వస్తాయి. నిల్వలు మాత్రం తెచ్చుకుని, పాతవి చూసుకోవడానికి పాతదాన్ని అలాగే ఉంచుకుంటే చాలు.

ఒక ఉదాహరణ చూద్దాం

మాట వరసకి ఒక పొడుల వ్యాపారం అనుకుందాం. మార్చి 31 రాత్రికి లెక్క ఇలా ఉంది. చేతిలో నగదు 12,000 రూపాయలు. బ్యాంకులో 86,000. సరుకు 1,40,000. గ్రైండరు, ప్యాకింగు మెషీను 75,000. కొట్లనుంచి రావలసిన బాకీలు 62,000. మొత్తం 3,75,000. ఇది మనకున్నది.

ఇవ్వవలసినవి చూద్దాం. దినుసుల కొట్టుకి 48,000. బ్యాంకు అప్పు 1,00,000. కట్టవలసిన జీఎస్టీ 7,000. ఆర్డర్ల మీద పుచ్చుకున్న అడ్వాన్సులు 5,000. మొత్తం 1,60,000. ఉన్నదాంట్లోంచి ఇవ్వవలసింది తీసేస్తే 2,15,000 మిగిలింది. అది మన సొంత పెట్టుబడి. ఇవే ప్రారంభ నిల్వలు. అంకణా రెండు వైపులా 3,75,000 చూపిస్తే అప్పగింత సరిగా జరిగినట్టు. కొన్ని సాఫ్ట్‌వేర్లు సరిపోని మొత్తాన్ని 'ప్రారంభ నిల్వలో తేడా' అని ఒక మూల చూపించి ఊరుకుంటాయి. "పోనీలే, ఎనిమిది వందలేగా" అని వదలకండి. ఎనిమిది వేలు ఎక్కువ, ఏడువేల రెండు వందలు తక్కువ కలిసి ఎనిమిది వందల తేడాగా కనబడవచ్చు.

ఇందులో రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి బ్యాంకు. పాస్‌బుక్కులో 94,000 ఉంది, మన పుస్తకంలో 86,000 ఉంది. ఎందుకని? దినుసుల కొట్టుకి మార్చి 29న 8,000కి చెక్కు ఇచ్చాం, వాళ్ళింకా బ్యాంకులో వెయ్యలేదు. పాస్‌బుక్కు చూసి 94,000 ఎక్కిస్తే, ఏప్రిల్‌లో ఆ చెక్కు మారాక మన లెక్కలో లేని 8,000 ఉన్నట్టు ఏడాది పొడుగునా కనబడుతుంది. మన పుస్తకంలోని 86,000 ఎక్కించి, మారని చెక్కు సంగతి పక్కన రాసుకోవాలి.

రెండోది బాకీలు. 62,000 అని ఒకే అంకె ఎక్కిస్తే అంకణా సరిపోతుంది, సాఫ్ట్‌వేరూ ఏమీ అనదు. కాని మనం మునుగుతాం. ఎవరిది ఎంతో పేరు పేరునా ఎక్కించాలి. పేరు కింద కూడా బిల్లు బిల్లుగా రాయాలి. ఒక కొట్టు 14,500 బాకీ ఉంది. అది జనవరి బిల్లు 6,000, ఫిబ్రవరి బిల్లు 5,000, మార్చి బిల్లు 3,500. ఏప్రిల్ 10న వాళ్ళు 5,000 పంపారు. అది ఏ బిల్లుకి? విడివిడిగా ఎక్కించి ఉంటే అడిగి ఫిబ్రవరి బిల్లుకి చెల్లు వేస్తాం. జనవరి బిల్లు మూడు నెలలు దాటినా రాలేదని తెర మీద కనబడుతుంది, ఫోను చేస్తాం. ఒకే అంకెగా ఎక్కిస్తే ఇంకా 9,500 రావాలని తెలుస్తుందే గాని, ఎప్పటిదో తెలియదు. పాతబడ్డ బాకీ పులిసిన పిండిలాంటిది. రోజు గడిచేకొద్దీ పనికిరాకుండా పోతుంది.

బాకీల పట్టిక తయారయ్యాక ప్రతి కొట్టుకీ, "మార్చి 31కి మీ బాకీ ఇంత అని మా లెక్క, చూసి చెప్పండి" అని వాట్సాప్‌లో పంపండి. ఒప్పుకున్న జవాబులు దాచి ఉంచండి. అప్పగింతకి అంతకన్నా సాక్ష్యం లేదు. జీఎస్టీ కట్టేవారు, కొనుగోళ్ళ మీద తమకి రావలసిన పన్ను జమ ఎంతో జీఎస్టీ పోర్టల్‌లో చూసి, కొత్త పుస్తకంలో ఎక్కిన అంకెతో సరిచూసుకోవాలి.

ఒక నెల రెండు పొయ్యిల మీద వంట

మొదటి నెల పాతదాంట్లోనూ కొత్తదాంట్లోనూ రాయండి. రెట్టింపు పనే, కాదనను. కాని కొనేవారికి ఇచ్చే బిల్లు కొత్తదాంట్లోంచి మాత్రమే ఇవ్వాలి. అదే నంబరుతో అదే బిల్లు పాతదాంట్లో సరిచూసుకోవడానికి ఎక్కించండి. నెలాఖరున నాలుగు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి: నగదు, బ్యాంకు నిల్వ, మొత్తం అమ్మకం, రావలసిన బాకీ, కట్టవలసిన పన్ను. నగదునీ బ్యాంకునీ కలిపి ఒకటిగానే లెక్కపెట్టానండోయ్! నాలుగూ కలిస్తే పాతదానికి సెలవివ్వండి. కలవకపోతే ఏ రోజునుంచి తేడా వచ్చిందో వెనక్కి వెళ్ళి పట్టుకోండి. ఒక నెలలో దొరకడం తేలిక, ఏడాది తర్వాత దొరకదు.

సెలవిచ్చినంత మాత్రాన చెరిపేయకూడదు సుమండీ! జీఎస్టీ చట్టం ప్రకారం ఏ ఏడాది లెక్కలైనా ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ తర్వాత 72 నెలలు భద్రపరచాలి. 2025-26 లెక్కల వార్షిక రిటర్నుకి గడువు 2026 డిసెంబరు 31 కనుక, ఆ పుస్తకాలు 2032 డిసెంబరు ఆఖరుదాకా ఉండాలి. అందుకని పాతదాంట్లోంచి చిట్టా, ఆవర్జా, అంకణా, ఆస్తి అప్పుల పట్టీ, బిల్లులు, సరుకు పట్టిక పీడీఎఫ్‌లోనూ ఎక్సెల్‌లోనూ తీసి పెట్టండి. ఒక నకలు ఇంట్లో పెన్‌డ్రైవులో, ఒక నకలు వేరే చోట. తెరిచి చూసి, అక్షరాలు సరిగ్గా కనబడుతున్నాయో లేదో చూసుకున్నాకే నకలు తీసినట్టు లెక్క.

ఇంట్లోవాళ్ళ సంగతి

కొత్త సాఫ్ట్‌వేరుకి అడ్డం వచ్చేది తరచు మనుషులే. ఏళ్ళ తరబడి అలవాటైనదాన్ని వదలమంటే రాసే అబ్బాయికి కోపం వస్తుంది. "పాతదే బాగుందమ్మా" అంటాడు. మామగారు నోటు పుస్తకం వదలరు. వదలమనకండి. ఆయన పుస్తకంలోని సాయంత్రపు మొత్తం తెర మీది మొత్తంతో కలిస్తే, ఆయనే మనకి ఆడిటరు. పండగల సీజనులోనో, పెళ్ళిళ్ళ ఆర్డర్లు ముంచుకొచ్చినప్పుడో మార్చకండి. ఆవకాయ కలిపే రోజుల్లో కొత్త పొయ్యి ప్రయత్నించం కదా!

ఎవరు రాసినా, అయిదు సంగతులు మాత్రం మీరే తెరిచి చూడగలగాలి. ఈ రోజు నగదు ఎంత ఉండాలి, బ్యాంకులో ఎంత, ఎవరెవరు ఎంత బాకీ, మనం ఎవరికి ఎంత ఇవ్వాలి, ఈ నెల పన్ను ఎంత. ఈ అయిదూ చూడటానికి పెద్ద చదువులు అక్కర్లేదు. పదో తరగతి చదువుతో నేను చూస్తున్నాను, మీరూ చూడగలరు. మా ఆడిటరుగారికి తెలుసులే, మా అబ్బాయికి తెలుసులే అనుకుంటే, వాళ్ళు ఊళ్ళో లేని రోజున మన డబ్బు సంగతి మనకే తెలియదు.

ఏప్రిల్ 1కి మార్చాలనుకునేవారు ఫిబ్రవరిలో ప్రశ్నలు అడిగి సాఫ్ట్‌వేరు ఎంచుకోండి. మార్చి మొదట్లో పేర్లు, జీఎస్టీ నంబర్లు దులపండి. మార్చి 31 సాయంత్రం కొట్టు మూశాక సరుకు లెక్కపెట్టి, నగదు ఎంచి, ఒక తెల్లకాగితం మీద ఉన్నదీ ఇవ్వవలసిందీ రెండు వరసలుగా రాసి, కింద తేదీ వేసి సంతకం చెయ్యండి. ఆ కాగితం బీరువాలో పెట్టండి. కంప్యూటరులో ఎన్ని మారినా, ఆ రాత్రి మీ వ్యాపారం ఎక్కడ నిలబడి ఉందో చెప్పే సాక్షి అదే.